పటం మీద ఒక్క చుక్క

“రెండేళ్ళట,” అంది కోడలు, కంప్యూటరు మీంచి తల ఎత్తకుండా. “రెండేళ్ళదాకా నా థీసిస్ ఎవరూ తెరవడానికి వీల్లేదట.”

ప్రొఫెసరమ్మ చేతిలో ఇస్త్రీపెట్టె ఆగింది. బల్ల మీద పరిచి ఉన్నది కొడుకు తెల్లకోటు.

రెండేళ్ళెక్కణ్ణుంచి వచ్చాయి? తను అనుకున్నది నాలుగు రోజులు. మహా అయితే వారం. ఆ వారంపాటు ఈ పిల్ల పేరు కళ్ళబడకుండా ఉంటే చాలనుకుంది, అంతే.

“సరిగ్గా చదివావా అమ్మాయ్?”

“చదివి చదివి కళ్ళు పోతున్నాయి. మీరూ చూడండత్తయ్యా.”

ఆవిడ కదల్లేదు. చూడాల్సిన పని ఉంటే గదా. ఆ పేజీలో ఏ మూల ఏ గడి ఉంటుందో ఆవిడకి తెలిసినట్టు ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. ‘ప్రచురణ పరిశీలనలో ఉంది, నిలిపివేయండి’ అన్న గడిలో టిక్కు పెట్టింది ఆవిడే. దాని కింద ఎన్నాళ్ళు అని అడిగే గడి ఇంకోటుందని మాత్రం, కడుపు మండిపోతున్న ఆ మధ్యాహ్నం, చూసుకోలేదు. మనం నింపకపోతే ఆ గడి తనంతట తనే రెండేళ్ళు వేసుకుంటుంది. పెద్ద చదువు చదివిన మనిషి, ఫిజిక్సు డిపార్టుమెంటుకి హెడ్డు, పిల్లల కాగితాల్లో కామా తప్పితే ఎర్రసిరాతో చుట్టే మనిషి. ఓర్వలేనితనం ముంచుకొచ్చినప్పుడు ఇవేవీ పనికిరావు.

“నా ఫోన్లోనూ అంతే,” అన్నాడు కొడుకు. అతను పళ్ళ డాక్టరు. “‘సంబంధిత విభాగం కోరిక మేరకు నిలిపివేయబడినది.’ ఎవరి కోరికో ఏమిటో. పన్ను పీకేముందు నేనైనా ఓ మాట చెప్పి పీకుతాను.”

ఎవరూ నవ్వలేదు. కిటికీ పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన కూడా నవ్వలేదు. కొడుకు జోకులకి ఆ ఇంట్లో నవ్వేది మామూలుగా ఆయనొక్కడే.

పెద్దాయన, అంటే ప్రొఫెసరమ్మ భర్త, రిటైరైన సర్వేయరు. కాలేజీ వాళ్ళు పిల్లలు రాసిన థీసిస్‌లూ, పాఠాలు చెప్పేవాళ్ళు రాసిన వ్యాసాలూ అన్నీ ఒక్కచోట చేర్చి, లోకంలో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చని తెరిచిపెట్టారు. గేటు పక్క బోర్డు మీద దానికి బారెడు పేరుంది. అందరూ రిపోజిటరీ అంటారు. ఈయన మాత్రం తలుపుల్లేని బీరువా అంటాడు.

“తలుపుల్లేని బీరువాకి తాళం ఎలా పడిందమ్మా?” అన్నాడు ఇప్పుడు.

“అదే నాకూ తెలియడం లేదు మావయ్యా.”

“నీ దగ్గర ఇంకో కాపీ లేదూ? అది పంపెయ్.”

“తీసుకోరు. ఇదివరకెవరో ఇంట్లో దిద్దుకున్న కాపీ పంపి దొరికిపోయారట. మీ కాలేజీ బయటపెట్టిందే చదువుతాం, సాయంత్రం ఐదింటిలోగా అది అక్కణ్ణుంచి మాకందకపోతే మీ పేరు పక్కన పెట్టేస్తాం అన్నారు.” కోడలు లింకు మళ్ళీ నొక్కింది. “పక్కన పెట్టడమంటే మళ్ళీ పిలవడం కాదు మావయ్యా. ఇంక అంతే.”

పక్క ఊరి కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం అది. పెళ్ళికి ముందు నుంచీ ఈ పిల్ల పాఠానికింత అని తీసుకుంటూ రెండు మూడు చోట్ల తిరుగుతోంది. సెలవులొస్తే జీతం లేదు. జ్వరమొస్తే జీతం లేదు. ఇన్నాళ్ళకి ఒక చోట చివరి వడపోత దాకా వెళ్ళింది. ఇంక మిగిలింది వాళ్ళు ఆ థీసిస్ చదవడమే. మధ్యాహ్నం భోజనంలో ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఫోన్లో లింకు నొక్కి చూసుకుంది. అప్పట్నుంచీ కంచం అలాగే బల్ల మీద ఎండుతోంది.

“అత్తయ్యా, విభాగం అంటే మీరేగా హెడ్డు. మీ దగ్గరికేమైనా కాగితం వచ్చిందా?”

అడిగిన తీరులో అనుమానం లేదు. నిజంగానే అడిగింది. అదే ప్రొఫెసరమ్మకి ముల్లులా గుచ్చుకుంది.

“గైడు కూడా పెట్టొచ్చు నిలుపుదల,” అంది కోటు చెయ్యి సర్దుతూ.

అబద్ధం కాదది. గైడూ పెట్టొచ్చు, హెడ్డూ పెట్టొచ్చు. ఆవిడ సగం చెప్పి సగం మింగేసింది.

“మా సారా?” కోడలు తెల్లబోయింది. “ఆయనెందుకు పెడతారు?”

“నేను పెట్టారన్లేదు. పెట్టొచ్చన్నాను.”

కోడలు ఫోన్ తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి నిలబడింది. ఆ గైడు పోయినేడు రిటైరయ్యాడు. మోకాళ్ళ నొప్పులు, సాయంత్రాలు మొక్కలకి నీళ్ళు, ఇదీ ఆయన లోకం.

“సార్, నేనండి... బాగానే ఉన్నానండి. ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. నా థీసిస్ మీరేమైనా ఆపమన్నారా?... లేదండీ, ఎవరో ఆపారు... కాదు సార్, మీ మీద అనుమానమని కాదు... సార్? సార్...”

తిరిగొచ్చి కుర్చీలో కూలబడింది.

“‘నా చేతులతో దిద్దిన దాన్ని నేనే పాతిపెడతానా?’ అన్నారు. గొంతు వణికింది. ఫోన్ పెట్టేశారు.” చున్నీ కొసతో ముక్కు తుడుచుకుంది. “అడక్కుండా ఉండాల్సింది. ముసలాయన్ని ఉత్తినే బాధపెట్టాను.”

కొడుకు భార్య భుజం మీద చెయ్యి వేశాడు. పెద్దాయన మాత్రం కోడలివైపు చూడటం లేదు. ప్రొఫెసరమ్మ వైపు చూస్తున్నాడు. ఆవిడ ఇస్త్రీ చేసిన కోటు చేతినే మళ్ళీ ఇస్త్రీ చేస్తోంది.

*

అంతా ఆ పటం తెచ్చిన తంటా.

పది రోజుల కిందట స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ గోడ మీద తెర వేయించి రిపోజిటరీ పటం చూపించాడు. ఎవరి రచన ఎక్కడెక్కడ చదువుతున్నారో ప్రపంచ పటం మీద ఎర్రచుక్కలు పడతాయి. మొదట కోడలి థీసిస్ తెరిచాడు. తరగతి గదిలో వెనక బెంచీకి ఏం వినపడుతుంది అన్నది దాని విషయం. ఫ్యాను చప్పుడెంత, కిటికీ బయటి గోలెంత, పాఠం చెప్పే గొంతులో ఎంత భాగం చివరి వరసకి చేరుతుంది, అన్నీ కొలిచి రాసింది. తెర మీద పటం పడగానే ఆటలమ్మ పోసినట్టు ఎర్రచుక్కలు. ఖండం ఖాళీ లేదు.

“బడులు కట్టేవాళ్ళు కూడా చదువుతున్నారు మేడం,” అన్నాడు ప్రిన్సిపాల్ ఆవిడవైపు తిరిగి. “మీ ఇంటి పేరు నిలబెట్టింది మీ కోడలు.”

ఆ ఇంటి పేరు అప్పటిదాకా ఎవరు నిలబెట్టారో ఆయనకి గుర్తు రాలేదు కాబోలు.

తరవాత ఆవిడ పేరు కొట్టాడు. పలచటి లోహపు రేకుల్లో ధ్వని ఎలా నడుస్తుందో ముప్ఫయ్యేళ్ళుగా రాస్తోందావిడ. పటం పడింది. ఖండాలు ఖండాలుగా, సముద్రాలు సముద్రాలుగా, శుభ్రంగా తుడిచినట్టుంది. ఒక్కటే చుక్క. అదీ సొంత ఊరి మీద.

“మీకూ ఒకటుంది మేడం,” అన్నారెవరో వెనకనుంచి. నవ్వినవాళ్ళు మర్యాదగానే నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. దవడలు నొప్పి పుట్టేదాకా నవ్వింది.

అయినా నిజం చెప్పాలంటే, ఆ ఒక్క చుక్క ఆవిడని కాస్త నిలబెట్టింది. ఈ ఊళ్ళోనే ఎవరో ఉన్నారు. పక్కన తేదీలు చూస్తే రోజూ పొద్దున్నే తెరుస్తున్నారు. ఎవరో కుర్రవాడు, లేకపోతే ఏ ఇంజనీరో, తన పని విలువ తెలిసినవాడు. ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తలుపు తడతాడనుకుంది.

అసలు దెబ్బ తరవాత తగిలింది. ఏముందో చూద్దామని గదిలో తలుపేసుకుని కోడలి థీసిస్ తెరిచింది. ముందు పేజీలు తోసేసి గదుల లెక్కల్లోకి వెళ్ళింది. మూడో గది దగ్గర ఆగిపోయింది.

‘ఈ గదిలో అధ్యాపకుల స్వరం వాక్యం మొదట్లో స్పష్టంగా ఉండి, చివరికి వచ్చేసరికి పడిపోతుంది. వెనక బెంచీకి ప్రతి వాక్యంలోనూ చివరి మాటలు అందవు.’

పేరు రాయలేదు. రాయక్కర్లేదు. మూడో గది ఎవరిదో కాలేజీలో అటెండరుకి కూడా తెలుసు. ఇంట్లోనూ అంతే. ఆవిడ ‘ఉప్పు చాలలేదు’ అంటే ‘ఉప్పు’ ఒక్కటే వినపడి పెద్దాయన డబ్బా తెచ్చి ముందు పెడుతూ ఉంటాడు.

తను మీటరు పట్టుకోవడం నేర్పిన పిల్ల. దశాంశ స్థానం ఎక్కడ పెట్టాలో తన దగ్గర నేర్చుకున్న పిల్ల. కొడుకు ఇష్టపడ్డానంటే, మా డిపార్టుమెంటు పిల్లే గదా అని మురిసిపోయి ఇంటికి తెచ్చుకున్న పిల్ల. ఇవాళ లోకమంతా దాని చుక్కలు, తనకి ఊళ్ళో ఒక్కటి. కుళ్ళు అంటే ఇదే. ఇంకో పేరు పెట్టుకుని లాభం లేదు.

మర్నాడు ఆఫీసు గదిలో కూర్చుని గడిలో టిక్కు పెట్టింది. ఆ సాయంత్రం పటం తెరిచి చూసుకుంటే కొత్త చుక్క ఒక్కటీ పడలేదు. ఆ పూట ఆవిడ కడుపు నిండా అన్నం తింది.

*

“ఇక్కడేదో ఉంది,” అన్నాడు కొడుకు, భార్య భుజం మీంచి వంగి. “కింద చూడు. ‘కాపీ కావలసినవారు అడగండి.’ నొక్కు.”

ప్రొఫెసరమ్మ ఇస్త్రీపెట్టె పైకెత్తింది. ఆ బటను సంగతి టిక్కు పెట్టిన రోజున ఆవిడకి తెలియదు. మర్నాడు తెలిసింది. మూసిన థీసిస్ ఎవరికైనా కావాలంటే ఆ బటను నొక్కి అడుగుతారు. అడిగినది సూటిగా మూసినవాళ్ళ ఫోనుకే వస్తుంది. ఇవ్వండి, నిరాకరించండి అని రెండు బటన్లు. ఇస్తే, ‘ఫలానావారి అనుమతితో’ అని పేరుతో సహా వెళ్తుంది. ఆవిడ ఇవ్వలేదు, నిరాకరించనూ లేదు. వచ్చినవి వచ్చినట్టే పడి ఉన్నాయి.

పోనీ తాళమే తీసేద్దామంటే అది లైబ్రరీ ద్వారా జరగాలి. ఎందుకు మూశారు, ఎందుకు తెరుస్తున్నారు అని రాసి సంతకం పెట్టాలి. ఎటుపోయినా పేరు బయటపడకుండా దారి లేదు.

“సంబంధితులకు చేరుతుందట,” చదివింది కోడలు. “ఎవరా సంబంధితులు?”

“ఎవరైతే ఏంలే, అడుగు. నీ థీసిస్ నువ్వే అడుక్కోవాల్సి రావడం బాగుంది.”

కోడలు టకటకా కొట్టింది. మధ్యలో ఆగింది.

“నన్నెరిగిన అధ్యాపకులు ఒకరి పేరు రాయాలట. అత్తయ్యా, మీ పేరు రాస్తున్నాను.”

ప్రొఫెసరమ్మ కోటు జేబు మీద నీళ్ళు చిలకరించి, ఇస్త్రీపెట్టె ఆనించింది.

“అత్తయ్యా? రాయనా?”

“రాసుకో.”

కోడలు నొక్కింది.

ఇస్త్రీబల్ల మీద, నీళ్ళ సీసా పక్కన, ప్రొఫెసరమ్మ ఫోను టింగుమంది.

గదిలో అందరికీ వినపడింది. ఆవిడ ఫోనువైపు చూసింది. ఇస్త్రీపెట్టె కోటు మీదే ఉండిపోయింది.

“అప్పుడే వచ్చేసిందే,” కోడలి మొహం కాస్త విచ్చుకుంది. “మీ పేరు రాశాగా, ఈ అమ్మాయి మీకు తెలుసా అని అడుగుతున్నట్టుంది. తెలుసని నొక్కెయ్యండత్తయ్యా. ఉండండి, నేనే నొక్కుతా, ఇటివ్వండి.”

లేచి చెయ్యి చాపింది.

“అమ్మా, కోటు,” అన్నాడు కొడుకు.

పొగ వాసన వచ్చింది. జేబు దగ్గర గోధుమరంగు మచ్చ, ఇస్త్రీపెట్టె మూతి ఆకారంలో. ప్రొఫెసరమ్మ ఒక చేత్తో కోటూ, ఇంకో చేత్తో ఫోనూ లాక్కుంది. ఇంట్లో ఇంకెవరిదైనా బట్ట కాలితే పది నిమిషాలు పాఠం చెప్పే మనిషి ఒక్క మాట మాట్లాడకుండా పెరట్లోకి నడిచింది.

“నొక్కడం మర్చిపోకండత్తయ్యా,” అని కోడలి గొంతు వెనకాలే వచ్చింది.

*

కుళాయి తిప్పి కోటు కింద పెట్టింది. కాలిన మచ్చ నీళ్ళతో పోదని ఆవిడకి తెలుసు. అయినా రుద్దింది.

పెద్దాయన వెనకే వచ్చి పెరటి మెట్టు మీద కూర్చున్నాడు.

“ఎప్పుడు మూశావు?”

“ఏమిటి మూసేది?”

“కాలేజీ నుంచి మెసేజీ వస్తే నువ్వు ముందు కళ్ళజోడు వెతుక్కుంటావు. ఇవాళ వెతుక్కోలేదు. అందులో ఏముందో తెలిసినట్టే చూశావు.”

కుళాయి నీళ్ళు కోటు మీంచి కాలవలోకి పోతున్నాయి. ఆవిడ వెనక్కి తిరగలేదు.

“నాలుగు రోజులే అనుకున్నానండీ.”

“ఎందుకూ?”

“ఎందుకని అడుగుతారేమిటి? మీరు ఆ పటం చూళ్ళేదు. చూస్తే తెలిసేది. ముప్ఫయ్యేళ్ళు. మన పెళ్ళిరోజున కూడా లాబ్‌లో కూర్చున్నాను గుర్తుందా? వాడికి జ్వరమొస్తే మీరు ఎత్తుకు తిరిగారు, నేను రీడింగులు తీసుకున్నాను. ఆ రాసినవన్నీ ఏ మూలన పడి ఉన్నాయో. అది నిన్నగాక మొన్న వచ్చి, ఫ్యాను చప్పుడు కొలిచి...”

“ఫ్యాను చప్పుడు కొలవడం తప్పా?”

“తప్పని కాదు.” చివరి మాట ఎప్పట్లాగే గొంతులోకి జారిపోయింది. ఈసారి గట్టిగానే అంది: “తప్పు కాదనే నా ఏడుపు. బాగుంది కాబట్టే ఏడుపు. పనికిమాలినదైతే నాకేం నొప్పి?”

పెద్దాయన చెయ్యి చాపాడు. ఆవిడ తడి చేత్తోనే ఫోనిచ్చింది. ఆయన ఒక్కొక్కటే పైకి తోసుకుంటూ చదివాడు. ఎవరో బడి పెద్ద పంతులమ్మ, చెవుడున్న పిల్లలకి గది ఎలా సర్దాలో చూడాలట. బడులు కట్టే ఇంజనీరొకాయన. ఆ కిందది చూసి ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

“ఇది ఆ ఉద్యోగం వాళ్ళదే. నిన్న అడిగారు.”

“పొద్దున చూశాను.”

“చూసి?”

ఆవిడ మచ్చ మీద మళ్ళీ రుద్దింది.

“పొద్దుట్నుంచీ తెలుసన్నమాట. ఆ పిల్ల భోజనం మానేసి ఏడుస్తుంటే నువ్వు ఇస్త్రీ చేస్తున్నావు.”

“ఏం చెయ్యమంటారు? ఇస్తే కింద నా పేరు వెళ్తుంది. మీ అత్తగారి అనుమతి ఎందుకు తీసుకోవాల్సొచ్చిందని వాళ్ళు దాన్నే అడుగుతారు. అప్పుడు నేను ఏ మొహం పెట్టుకుని ఈ ఇంట్లో తిరగను?”

“ఇవ్వకపోతే ఏ మొహం పెట్టుకుంటావు?”

పెద్దాయన అన్నిటికంటే పైనున్నది చదివాడు. ఇప్పుడే వచ్చినది. ఆయన గొంతు తగ్గించి చదివినా ప్రతి మాటా వినపడింది.

“‘నా థీసిస్ నాకే కావాలి. ఇవాళ నా ఉద్యోగం దీని మీదే ఉంది. మూసినవారికి నా మీద ఏదైనా కోపముంటే దయచేసి నాకు చెప్పండి, దిద్దుకుంటాను. నన్నెరిగిన అధ్యాపకులు మా అత్తగారు. నా గురించి ఏం తెలుసుకోవాలన్నా ఆవిడనే అడగండి.’”

ప్రొఫెసరమ్మ కుళాయి కట్టేసింది. కోటు పిండబోయి, పిండకుండా అలాగే పట్టుకుని నిలబడింది.

“నాకూ ఉన్నారండీ ఒకరు,” అంది. ఎందుకంటోందో ఆవిడకే తెలియలేదు. ఏదో ఒకటి పట్టుకుని నిలబడాలి గదా. “ఈ ఊళ్ళోనే. ఏ రోజూ మానకుండా, పొద్దున్నే చదువుతారు. ఎవరో ఏమిటో. నా పని కూడా ఒకరికి కావాలి.”

పెద్దాయన ఫోను ఒళ్ళో పెట్టుకున్నాడు. గడ్డం గోక్కున్నాడు. ఆయన ఏదైనా చెప్పకూడదనుకుని చెప్పబోయే ముందు అలా గోక్కుంటాడు.

“అది నేనే,” అన్నాడు.

ఆవిడకి ముందు అర్థం కాలేదు.

“కాఫీ తాగుతూ తెరుస్తాను. మొదటి పేజీ దాటను, ఆ పైన నాకొక్క ముక్క అర్థం కాదు. పైన నీ పేరుంటుందిగా. అది చూసి మూసేస్తాను.” కాస్త నవ్వబోయాడు. “జీవితమంతా పటాల మీద చుక్కలు పెట్టినవాణ్ణే. ఇదీ పడుతుందని మాత్రం తెలియదు.”

ఆవిడ మెట్టు మీద, ఆయన పక్కనే, కూర్చుండిపోయింది. తడికోటు ఒళ్ళో పెట్టుకుందని కూడా చూసుకోలేదు. చీర కుచ్చిళ్ళు తడిసిపోతున్నాయి. ఏడుపు రాలేదు. వస్తే బాగుండునని మాత్రం అనిపించింది.

“ఇప్పుడెందుకు చెప్పారు?” అంది.

“దాని చుక్కలన్నీ చెరిపేశావు. నీ చుక్క ఎవరిదో నీకూ తెలియాలి.”

“జాలితోనా చదివారు?”

“జాలేమిటి, నీ మొహం. నా పెళ్ళాం పేరు అచ్చులో ఉంటే చూసుకోనా?” ఫోను ఆవిడ చేతిలో పెట్టాడు. “నాలుగు దాటింది. వాళ్ళది ఇచ్చెయ్. పేరు పోతే పోనీ. పేరు పోయాక మనిషి మిగులుతుంది.”

ఆవిడ కొంగుతో బొటనవేలు తుడుచుకుంది. తడి వేలుకి ఆ ఫోను పలకదు. ఉద్యోగం వాళ్ళ మెసేజీ తెరిచింది. ఇవ్వండి, నిరాకరించండి. ఇవ్వండి మీద వేలు పెట్టబోయింది. కింద సన్నటి అక్షరాలతో తన పేరు, హోదా, డిపార్టుమెంటు కనపడ్డాయి. ముప్ఫయ్యేళ్ళుగా ఆ పేరు ఎక్కడైనా కనపడాలని కొట్టుకుందావిడ. ఇప్పుడు దాన్ని చూస్తే వేలు ముందుకి సాగలేదు.

“ఊఁ,” అన్నాడు పెద్దాయన.

“నొక్కుతానండీ. ముందు దానికి ఏదో ఒకటి చెప్పి...”

పెరటి తలుపు కిర్రుమంది.

కోడలు గడప మీద నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. మొహం కడుక్కున్నట్టుంది, నుదుటి దగ్గర జుట్టు తడిసి అంటుకుని ఉంది. చేతిలో తన ఫోను.

“లైబ్రరీ ఆవిడకి ఫోన్ చేశానత్తయ్యా,” అంది. కోపం లేదు గొంతులో. కోపమున్నా బాగుండేది. “మా అత్తగారికి మెసేజీ వచ్చింది, ఆవిడ తెలుసని నొక్కగానే ఇచ్చేస్తారా అని అడిగాను.”

ప్రొఫెసరమ్మ లేచి నిలబడింది. కోటు కిందపడింది.

“ఎవరు మూశారో ఆవిడ చెప్పలేదు. చెప్పకూడదట. ఇంకో మాట మాత్రం చెప్పింది. మనం పేరు రాసినవాళ్ళకి ఏ మెసేజీ వెళ్ళదట. మూసినవాళ్ళకే వెళ్తుందట.”

పెద్దాయన తల దించుకున్నాడు.

“ఆవిడ పొరబడి ఉంటుంది అనుకున్నాను. అందుకని...” కోడలు తన ఫోను వైపు కూడా చూడకుండా, బొటనవేలితో ఆ బటనే మళ్ళీ నొక్కింది.

ప్రొఫెసరమ్మ చేతిలో ఫోను టింగుమంది.

పక్కింటి పెరట్లో ఎవరో బకెట్టు కింద పెట్టిన చప్పుడు వినపడింది.

“నేనే అమ్మాయ్...” అంది ప్రొఫెసరమ్మ. ఆ తరవాత కూడా పెదవులు కదిలాయి. మాట మాత్రం ఎప్పుడూ పోయే చోటికే పోయింది.

“ఎవరో తెలిసిందా?” హాల్లోంచి కొడుకు అరిచాడు. “అమ్మని అడిగావా? అమ్మ ఏమంటుంది?”

కోడలు గడప దిగి, కిందపడ్డ కోటు తీసి, దులిపి, తీగ మీద వేసింది. కాలిన మచ్చ ఇటువైపుకి వచ్చింది. దాన్ని చూస్తూనే అంది:

“నేను మీ క్లాసులో వెనక బెంచీలో కూర్చునేదాన్నత్తయ్యా. చివరి మాటలు అందేవి కావు. ముందుకి వంగి వంగి వినేదాన్ని, ఒక్కటి కూడా పోకూడదని. ఆ మాటల కోసమే ఆ పని మొదలుపెట్టాను. మొదటి పేజీలో రాశాను కూడా. మీరు చదివి ఉండరు.”

ఇటు తిరిగింది.

“మా ఆయన అడుగుతున్నాడు. చెప్పండి. వెనక బెంచీదాకా వినపడేలా చెప్పండి.”